ఎడ్వర్డ్ థార్ప్: బ్లాక్‌జాక్ బల్ల నుంచి షేర్ మార్కెట్ దాకా – తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరీ థార్ప్?

అమెరికా గణితవేత్త. 1932 ఆగస్టు 14న చికాగోలో పుట్టి, కాలిఫోర్నియాలో పెరిగారు. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, అక్కడే 1958లో గణితంలో డాక్టరేట్ తీసుకున్నారు. 1959 నుంచి రెండేళ్లు ఎంఐటీలో, తర్వాత న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 1965లో అర్వైన్‌లో కొత్తగా తెరిచిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వెళ్లి 1982 దాకా అక్కడే ఉన్నారు. 21 దాటకుండా దానికి దగ్గరగా చేరినవారు గెలిచే కాసినో పేకాట బ్లాక్‌జాక్‌లో ముక్కలు లెక్కపెట్టి గెలవచ్చని గణితంతో నిరూపించిన తొలి వ్యక్తిగా ఆయన్ని లోకం గుర్తుపెట్టుకుంది. అదే ఆలోచనను మార్కెట్లోకి తీసుకెళ్లి 19 ఏళ్ల పాటు ఒక్క నష్టపు సంవత్సరం లేకుండా ఫండ్ నడిపారు. మన దృష్టిలో పెద్ద విషయం ఈ రెండోదే.

ఆయన రహస్యం ధరలను ముందే ఊహించగలగడమేనా?

కాదు. రేపు షేరు పెరుగుతుందా తగ్గుతుందా అన్న ప్రశ్నను ఆయన చాలావరకు పక్కన పెట్టేశారు. ఆయన వేసుకున్న ప్రశ్నలు రెండే. ఈ పందెంలో మొగ్గు నా వైపు ఉందని రుజువు చేయగలనా? ఉంటే, ఆ మొగ్గుకు తగ్గట్టు ఎంత పెట్టాలి? మొదటి ప్రశ్న అందరూ వేసుకుంటారు. రెండోదాన్ని వదిలేసినవాళ్లు సరైన పందెం కాసి కూడా మునిగిపోతారు. కింద జవాబులన్నీ ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

బ్లాక్‌జాక్ మీదికి దృష్టి ఎలా మళ్లింది?

1958 డిసెంబరులో భార్య వివియన్‌తో లాస్ వెగాస్ వెళ్లే ముందు, నలుగురు రచయితలు అమెరికా గణాంకశాస్త్ర సంఘం పత్రికలో రాసిన వ్యాసం గురించి ఒక సహోద్యోగి ఆయనకు చెప్పారు. సరిగ్గా ఆడితే కాసినో వైపు మొగ్గు 0.62 శాతమే (వంద డాలర్ల పందేనికి సగటున 62 సెంట్లు) ఉంటుందని అందులో లెక్క. ఆ పద్ధతిని చిన్న కార్డు మీద రాసుకుని పది వెండి డాలర్లతో ఆడారు, ఎనిమిదిన్నర పోయాయి. ఊరికి తిరిగొచ్చి వ్యాసాన్ని నిశితంగా చదివినప్పుడు అసలు విషయం తట్టింది. ఆ లెక్కంతా నిండు పేకకు, అంటే 52 ముక్కలూ ఉన్న కట్టకు వేసింది. ఆట సాగేకొద్దీ పడిపోయిన ముక్కలు తిరిగి రావు కనుక, మిగిలిన పేకలో మొగ్గు ప్రతి పంపకానికీ మారుతూ ఉండాలి. తిరిగే అంకెల చక్రంలో బంతి ఎక్కడ ఆగుతుందో పందెం కాసే రౌలెట్‌లో అలా కాదు, నిన్న పడిన అంకె ఇవాళ్టి చక్రాన్ని ఏమీ చేయదు.

ఎంఐటీలో చేరాక ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, ఐబీఎం 704 కంప్యూటర్ మీద ఒక్కో రకం ముక్క తీసేస్తే మొగ్గు ఎంత మారుతుందో లెక్కించారు. నాలుగు అయిదులూ పోయిన పేకలో ఆటగాడికి సుమారు 3.3 శాతం మొగ్గు వస్తుందని తేలింది. ఫలితాన్ని 1961లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో ప్రచురించారు. ఆ వ్యాసాన్ని అకాడమీకి పంపింది సమాచార సిద్ధాంత పితామహుడు క్లాడ్ షానన్.

అన్ని ముక్కల్లోకీ అయిదుకే అంత ప్రాధాన్యం ఎందుకు?

కాసినో తరఫున ముక్కలు పంచి ఆడే డీలర్‌కు సొంత నిర్ణయం ఉండదు. చేతిలోని ముక్కల మొత్తం 16 దాకా ఉంటే ముక్క తీసుకోవాల్సిందే, 17 చేరితే ఆగాల్సిందే. డీలర్‌కు చిక్కు మొత్తాలు 12, 13, 14, 15, 16. వీటిలో దేనికి అయిదు కలిపినా 17 నుంచి 21 లోపే వస్తుంది, అంటే డీలర్ ఒడ్డున పడ్డట్టే. అదే చోట పది (జాకీ, రాణి, రాజు విలువా పదే) పడితే 22 నుంచి 26 అవుతుంది, డీలర్ ఓడిపోతాడు. అందుకే అయిదులు పోతే ఆటగాడికి లాభం, పదులు పోతే నష్టం. ఆసులు, పదులు ఎక్కువ మిగిలితే ఇంకో లాభం కూడా ఉంది. రెండు ముక్కల 21కి పందానికి ఒకటిన్నర రెట్లు చెల్లింపు వస్తుంది. అది డీలర్‌కు పడినా మన దగ్గర పోయేది పందెం మాత్రమే.

లెక్క పెట్టడం ఆచరణలో ఎలా?

థార్ప్ 1962 పుస్తకం ‘బీట్ ది డీలర్’లో ప్రధానమైనది పదుల లెక్క. పది విలువున్న ముక్కలు 16, మిగతావి 36. 36ను 16తో భాగిస్తే 2.25. ఆట మధ్యలో ఈ నిష్పత్తి 2కి దిగితే ఆటగాడికి సుమారు 1 శాతం మొగ్గు, 1కి దిగితే సుమారు 9 శాతం. ఇది ఖచ్చితమైన లెక్కే కానీ, బల్ల దగ్గర రెండు అంకెలు గుర్తుపెట్టుకుని భాగహారం చేయడం కష్టం.

1966లో వచ్చిన రెండో కూర్పులో, హార్వే డబ్నర్ ఆలోచన ఆధారంగా, జూలియన్ బ్రౌన్ కంప్యూటర్ లెక్కల సాయంతో సులువైన పద్ధతి చేర్చారు. ఇవాళ్టికీ వాడుకలో ఉన్నది దాదాపు ఇదే. 2 నుంచి 6 దాకా ఏ ముక్క పడినా ఒకటి కలపాలి. పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే ఒకటి తీసేయాలి. 7, 8, 9లను పట్టించుకోనక్కర్లేదు. వచ్చిన అంకెను ఇంకా పంచాల్సిన పేకల సంఖ్యతో భాగించాలి. ఉదాహరణకు లెక్క +6 ఉండి మూడు పేకలు మిగిలితే అసలు లెక్క +2. ఈ అసలు లెక్క ఒక్కో మెట్టు పెరిగినప్పుడు మొగ్గు సుమారు అర శాతం ఆటగాడి వైపు జరుగుతుంది. భాగహారం మర్చిపోయేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. ఆరు పేకలు మిగిలి ఉండగా +6 కనిపించిందని పెద్ద పందెం కాస్తే, నిజానికి మొగ్గు ఇంకా దాదాపు సమానం దగ్గరే ఉంటుంది.

ఇప్పటికీ పనిచేస్తుందా?

లెక్కలో తప్పేమీ లేదు, ఆటనే మార్చేశారు. 1964 ఏప్రిల్ ఒకటిన లాస్ వెగాస్ కాసినోలు నిబంధనలు బిగించాయి. ఆడేవాళ్లు తగ్గిపోవడంతో కొన్ని వారాల్లోనే వెనక్కి తగ్గాయి. తర్వాత నెమ్మదిగా ఆరు, ఎనిమిది పేకలు కలిపి పంచడం, సగంలోనే మళ్లీ కలిపేయడం, ప్రతి రౌండుకూ యంత్రంతో కలపడం వచ్చాయి. అన్నిటికన్నా చేటు చేసింది చెల్లింపు మార్పు. రెండు ముక్కల 21కి 3:2కు బదులు 6:5 ఇస్తే కాసినో మొగ్గు ఒక్కసారిగా సుమారు 1.4 శాతం పెరుగుతుంది. ముక్కలు లెక్కపెట్టి సంపాదించే మొగ్గంతా అక్కడే కరిగిపోతుంది.

షానన్‌తో కలిసి చేసిన యంత్రం సంగతి?

రౌలెట్ కోసం చేసింది. శరీరానికి తొడుక్కునే తొలి కంప్యూటర్‌గా పేరుపడింది. 12 ట్రాన్సిస్టర్లు, సిగరెట్ పెట్టె అంత పరిమాణం. ఒకరు చక్రం పక్కన నిలబడి, బూటులో దాచిన మీటను కాలి బొటనవేలితో నొక్కుతూ చక్రం వేగాన్ని, బంతి వేగాన్ని కొలిచేవారు. చక్రాన్ని ఎనిమిది భాగాలుగా లెక్కేసి, బంతి ఏ భాగంలో పడే అవకాశం ఎక్కువో యంత్రం తేల్చేది. అది సంగీత స్వరంగా పందెం కాసేవారి చెవికి చేరేది. అనుకూల భాగం మీద 44 శాతం మొగ్గు ఉంటుందని అంచనా. 1961 వేసవిలో లాస్ వెగాస్‌లో పరీక్షించినప్పుడు అంచనాలు సరిగ్గానే వచ్చాయి. చెవి దాకా వెళ్లే వెంట్రుకంత సన్నని తీగలు మాత్రం పదేపదే తెగిపోయాయి. పెద్ద పందేలు కాయలేకపోయింది అందుకే. ఇలాంటి పరికరాలను నెవాడా రాష్ట్రం 1985లో నిషేధించింది.

ఎంత పందెం కాయాలన్న లెక్క ఎక్కడిది?

బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో రాసిన వ్యాసంలోది. దాన్ని థార్ప్‌కు చూపించింది షాననే. గెలిస్తే పందెమంత వచ్చే ఆటలో సూత్రం చాలా తేలిక: గెలిచే శాతంలోంచి ఓడే శాతం తీసేస్తే వచ్చేదే, మీ సొమ్ములో పెట్టాల్సిన శాతం. 51 శాతం గెలుపు, 49 శాతం ఓటమి అయితే 2 శాతం.

లక్ష రూపాయలతో మొదలుపెట్టి వెయ్యి పందేలు కాశారనుకోండి. ఉన్న సొమ్ములో ప్రతిసారీ ఒకే శాతం పెట్టారు, సరిగ్గా 510 గెలిచారు, 490 ఓడారు. 2 శాతం చొప్పున పెట్టినవారి చేతిలో చివరికి సుమారు 1,22,000 ఉంటుంది. 1 శాతం పెట్టినవారి దగ్గర 1,16,000. 4 శాతం పెట్టినవారి దగ్గర, అన్ని గెలుపులూ గెలిచాక కూడా, దాదాపు మొదటి లక్షే మిగులుతుంది. 10 శాతం చొప్పున పెట్టినవారికి మిగిలేది 4,900 రూపాయలు. ఆట అదే, గెలుపులు అవే, మొగ్గు వాళ్ల వైపే ఉంది. కేవలం పందెం పరిమాణం మనిషిని ముంచేసింది. ఒక్కసారి కాగితం మీద ఈ లెక్క వేసి చూసుకోమని గట్టిగా చెబుతాం.

థార్ప్ పూర్తి కెల్లీ కాసేవారా?

పూర్తి కెల్లీ అంటే పై సూత్రం చెప్పినంతా కాయడం. సగం కెల్లీ లేదా ఇంకా తక్కువే మేలని ఆయన పదేపదే రాశారు. పూర్తి కెల్లీ పాటిస్తే సొమ్ము ఎప్పుడో ఒకప్పుడు సగానికి పడిపోయే అవకాశం 50 శాతం. సగం కెల్లీతో అది సుమారు 12.5 శాతానికి దిగుతుంది, పెరుగుదల వేగంలో మాత్రం ముప్పావు వంతు నిలుస్తుంది. అసలు కారణం ఇంకొకటి ఉంది. పేకాటలో మొగ్గు ఎంతో లెక్కగట్టవచ్చు, మార్కెట్లో అది అంచనా మాత్రమే. మీ మొగ్గు 2 శాతం అనుకుని, నిజానికి 1 శాతమే అయితే, మీరు తెలియకుండానే రెట్టింపు కెల్లీ కాస్తున్నట్టు. పైన 4 శాతం వరుసలో చూశారు కదా, అక్కడ పెరుగుదల సున్నా.

వారంట్లు అంటే ఏమిటి? వాటిలో ఏం చేశారు?

కంపెనీ జారీచేసే హక్కుపత్రం: ఫలానా తేదీలోపు ఫలానా ధరకు మా షేరు కొనుక్కోవచ్చని. గడువు దగ్గరపడేకొద్దీ దాని విలువ కరుగుతుంది. అప్పట్లో జనం వీటిని లాటరీ టికెట్లలా ఎక్కువ ధరకు కొనేవారు. అర్వైన్‌లో అర్థశాస్త్రం బోధించే షీన్ కసూఫ్ కూడా ఇదే ఆలోచనతో ఉన్నారు. ఇద్దరూ కలిసి 1967లో తమ పద్ధతిని పుస్తకంగా వేశారు.

పద్ధతికి ఒక లెక్క చూడండి (అంకెలు మేము ఎంచుకున్నవి). షేరు 20 డాలర్లు. 25 డాలర్లకు కొనే హక్కున్న వారంట్, రెండేళ్ల గడువు, మార్కెట్లో 5 డాలర్లు, ఇది ఎక్కువ ధర. 300 వారంట్లు అరువు తెచ్చి అమ్మండి, 1,500 వస్తాయి. రక్షణగా 100 షేర్లు కొనండి, 2,000 పెట్టాలి. గడువు నాటికి షేరు అక్కడే 20లో ఉంటే వారంట్లు చెల్లని కాగితాలు, 1,500 లాభం. షేరు 5కు పడిపోయినా, షేర్లలో పోయిన 1,500ను వారంట్ల సొమ్ము పూడ్చేస్తుంది. 25కు పెరిగితే లాభం 2,000, అదే గరిష్ఠం. 35 దగ్గర లాభం సున్నా. 5కూ 35కూ మధ్య షేరు ఎక్కడ తేలినా మీదే గెలుపు. అది ఎటు వెళుతుందో చెప్పాల్సిన పనిలేదు.

ఇందులో తేడా వచ్చేది ఎక్కడ?

ముందుగా పైవైపు. షేరు 50కి ఎగబాకితే పై లెక్కలో 3,000 నష్టం. అందుకే ఒకసారి కట్టి వదిలేయకూడదు. షేరు పెరుగుతున్నకొద్దీ ఇంకొన్ని షేర్లు కొనడమో, కొన్ని వారంట్లు తిరిగి కొనేయడమో చేసి నిష్పత్తి సరిచేయాలి. రెండోది, అరువిచ్చినవారు వారంట్లు మధ్యలో వెనక్కి అడగడం. అప్పుడు మార్కెట్లో ఏ ధర ఉంటే ఆ ధరకు కొని ఇవ్వాలి. అమ్మినవాళ్లంతా ఒకేసారి కొనబోతే ధర ఆకాశానికి ఎగురుతుంది. మూడోది, కంపెనీ గడువు పొడిగించడం. చచ్చిపోతుందనుకున్న వారంట్‌కు ప్రాణం వస్తుంది. నాలుగోది అతి సామాన్యం, అమ్మకపు సొమ్ము బ్రోకర్ దగ్గరే ఉండిపోతుంది, పైగా బ్రోకర్‌కు హామీ సొమ్ము (మార్జిన్) కట్టాలి. అది లెక్కలో వేసుకోకపోతే కాగితం మీది లాభశాతం అబద్ధమవుతుంది.

బ్లాక్–షోల్స్ సూత్రం ముందు థార్ప్‌కే తెలుసంటారు, నిజమేనా?

వారంట్లకూ, వాటిలాగే ఫలానా ధరకు కొనే లేదా అమ్మే హక్కులైన ఆప్షన్లకూ సరైన ధర లెక్కగట్టే సూత్రమది. దానికి సమానమైన సూత్రాన్ని 1967 నాటికే తాను చేరుకుని సొంత పెట్టుబడులకు వాడుకున్నానని ఆయన రాశారు. ప్రచురించలేదు. ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ 1973లో సిద్ధాంతంతో సహా ప్రచురించారు, కనుక ఘనత వారిదే, ఆ విషయంలో థార్ప్ ఎప్పుడూ పేచీ పెట్టలేదు. అదే 1973 ఏప్రిల్‌లో చికాగోలో ఆప్షన్ల ఎక్స్ఛేంజి తెరుచుకుంది. సరైన ధర లెక్కగట్టే పనిముట్టు చేతిలో ఉన్న కొద్దిమందిలో ఆయన ఒకరు.

ఫండ్ ఎలా నడిచింది?

1969 నవంబరులో జే రీగన్‌తో కలిసి 14 లక్షల డాలర్లతో మొదలుపెట్టారు. పేరు తర్వాత ప్రిన్స్‌టన్ న్యూపోర్ట్ పార్ట్‌నర్స్‌గా స్థిరపడింది. పరిశోధన, లెక్కలు కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌లో థార్ప్ చూసేవారు. కొనుగోళ్లు, అమ్మకాలు, బ్రోకర్ల వ్యవహారం ప్రిన్స్‌టన్‌లో రీగన్ చూసేవారు. వారంట్లు, ఆప్షన్లు, కన్వర్టబుల్ బాండ్లు (షేర్లుగా మార్చుకోగల రుణపత్రాలు), ఎక్కడ ఒకే కంపెనీకి చెందిన రెండు పత్రాల ధరలు పొంతన లేకుండా ఉంటే అక్కడ, చవకది కొని ఖరీదైనది అమ్మేవారు. 1973 జనవరి నుంచి 1974 అక్టోబరు దాకా అమెరికా పెద్ద కంపెనీల షేర్లను కొలిచే ఎస్ అండ్ పీ 500 సూచీ దాదాపు సగానికి పడిపోయింది. ఆ రెండేళ్లలోనూ ఫండ్ లాభంలోనే ఉంది. 1988 చివరికి ఫండ్ 27 కోట్ల డాలర్లు దాటింది. ఏడాదికి సగటున ఖర్చులకు ముందు 19.1 శాతం, ఫీజులు పోను మదుపరులకు 15.1 శాతం. అదే కాలంలో ఎస్ అండ్ పీ 10 శాతం చుట్టూ ఇచ్చింది. 15 శాతం చూడటానికి చిన్నగా అనిపించవచ్చు కానీ, 19 ఏళ్లకు అది సొమ్మును 14 రెట్లు దాటిస్తుంది. నష్టపు సంవత్సరం లేకపోవడమే ఆ చక్రవడ్డీని కాపాడింది.

1987 పతనంలో ఏం చేశారు?

అక్టోబరు 19న అమెరికా షేర్ల డౌ జోన్స్ సూచీ ఒక్కరోజులో 22.6 శాతం పడింది. పడేకొద్దీ ఫ్యూచర్లు (ముందు తేదీ లావాదేవీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాలు) అమ్మే ‘పోర్ట్‌ఫోలియో బీమా’ పతనాన్ని పెంచిందని ఆయన గ్రహించారు. మర్నాడు ఎస్ అండ్ పీ ఫ్యూచర్లు, సూచీలోని షేర్ల కన్నా చాలా కిందికి పోయాయి. ఫ్యూచర్లు కొని, షేర్లు అరువు తెచ్చి అమ్మితే ఆ తేడా చేతికొస్తుంది. అడ్డంకి ఒకటే. అప్పటి నిబంధన ప్రకారం ధర ఒక మెట్టు పెరిగినప్పుడే అరువు షేర్లు అమ్మాలి, పడిపోతున్న మార్కెట్లో సగం ఆర్డర్లు నెరవేరవు. కావలసినదానికి రెట్టింపు షేర్లకు ఆర్డర్లు పెట్టించడమే ఆయన ఎంచుకున్న దారి. కొద్ది గంటల్లో ఆలోచించి చేసిన ఆ లెక్క, ఆయన పనితనానికి మాకు అన్నిటికన్నా నచ్చే ఉదాహరణ.

అంత బాగా నడిచిన ఫండ్ ఎందుకు మూతపడింది?

1987 డిసెంబరులో ప్రిన్స్‌టన్ ఆఫీసు మీద ఫెడరల్ అధికారులు సోదాలు చేశారు. 1988లో రీగన్‌తో సహా ప్రిన్స్‌టన్ వైపు వారిపై పన్ను, షేర్ల లావాదేవీల విషయంలో, వ్యవస్థీకృత నేరాల చట్టం కింద కేసు పెట్టారు. నడిపించింది అప్పటి ప్రాసిక్యూటర్ రూడీ జులియానీ. థార్ప్‌పై ఏ అభియోగమూ లేదు. 1989లో శిక్షలు పడ్డాయి, పై కోర్టు 1991లో వాటిలో చాలావాటిని కొట్టేసింది. అప్పటికే 1988 చివర్లో ఫండ్‌ను మూసేశారు. లెక్కలు ఎంత బాగున్నా, వేల మైళ్ల దూరంలో భాగస్వామి ఆఫీసులో జరిగేది ఆ లెక్కల్లోకి రాదు.

తర్వాత?

స్టాటిస్టికల్ ఆర్బిట్రేజ్. ఈ మధ్య బాగా పెరిగిన షేర్లు కొంత తగ్గుతాయని, బాగా పడినవి కొంత కోలుకుంటాయని ఆయన బృందం 1980ల మొదట్లోనే గమనించింది. వందలాది షేర్లలో పడినవి కొని, పెరిగినవి అమ్మి, మార్కెట్ మొత్తం కదలికను రద్దు చేసుకోవడం పద్ధతి. ఒక్కో షేరులో మొగ్గు అతి స్వల్పం, సంఖ్యే బలం. 1994 నుంచి 2002 దాకా రిడ్జ్‌లైన్ పార్ట్‌నర్స్‌లో దీన్ని నడిపారు.

మన దగ్గర ఆప్షన్లు ఆడేవారికి ఇందులో పనికొచ్చేది ఉందా?

ఉంది, కాకపోతే చాలామంది ఆశించేది కాదు. ఇండెక్స్ ఆప్షన్లలో హైదరాబాద్, విజయవాడల నుంచి రోజూ పందేలు కాసేవారికి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరు అధ్యయనం చూపిస్తాం. మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో ఆడిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం నష్టపోయారు, ఒక్కొక్కరికీ సగటున సుమారు 2 లక్షలు. థార్ప్ పద్ధతిలో తొలి మెట్టు: కొనేముందు మీ మొగ్గు ఎంతో, ఎక్కడి నుంచి వస్తోందో ఒక వాక్యంలో రాయండి. ‘పెరుగుతుందనిపిస్తోంది’ అన్నది మొగ్గు కాదు. రెండో మెట్టు, అందులోంచి బ్రోకరేజీ, ఎస్‌టీటీ (లావాదేవీల మీద పన్ను), కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా తీసేయండి. మిగిలింది సున్నా కన్నా తక్కువైతే అక్కడితో ఆపేయాలి. మిగిలితే సగం కెల్లీకి మించొద్దు. షేరు ఆప్షన్లలో ఇంకో గుంట ఉంది. గడువు రోజున లాభంలో ఉన్న ఆప్షన్‌ను వదిలేస్తే, మన ఎక్స్ఛేంజీల్లో షేర్లే ఇచ్చిపుచ్చుకోవాలి. 10,000 పెట్టి కొన్న కాల్‌కు (కొనే హక్కుకు) లక్షల్లో సొమ్ము సర్దాల్సి వస్తుంది. గడువుకు ముందే బయటపడండి.

మేడాఫ్ మోసాన్ని 1991లోనే ఎలా పట్టుకున్నారు?

ఒక సంస్థ తన పెట్టుబడులను పరిశీలించమని అడిగింది. అందులో కొంత సొమ్మును నడుపుతున్న ఫండ్ మేనేజర్ బెర్నార్డ్ మేడాఫ్ నెలనెలా తప్పకుండా లాభం చూపిస్తున్నారు. అది థార్ప్‌కు అనుమానం కలిగించింది, మేడాఫ్ వాడుతున్నానని చెప్పిన వ్యూహానికి నష్టపు నెలలు రావాల్సిందే. అప్పుడు ఖాతా పత్రాల్లోని ఒక్కో ఆప్షన్ లావాదేవీని ఎక్స్ఛేంజి రికార్డులతో పోల్చారు. 1991 ఏప్రిల్ 16న ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కాల్ ఆప్షన్లు 123 కొన్నట్టు రాసి ఉంది, ఆ రోజు మొత్తం మార్కెట్లో చేతులు మారినవి 20. లావాదేవీలు కల్పితమని చెప్పి, డబ్బు వెనక్కి తీసుకోమన్నారు. మేడాఫ్ 2008 డిసెంబరులో అరెస్టయ్యాడు.

ఈ పరీక్ష ఎవరైనా చేయవచ్చు. ఫండ్ మేనేజర్ పంపిన స్టేట్‌మెంట్‌లోంచి ఓ పది లావాదేవీలు మీరే ఎంచుకోండి, వారు ఎంచి ఇచ్చినవి కాదు. ఆ తేదీన ఆ షేరు కనిష్ఠ, గరిష్ఠ ధరల మధ్యే కొనుగోలు ధర ఉందా, ఆ రోజు వాల్యూమ్ అంత పరిమాణానికి సరిపోతుందా చూడండి. మన దగ్గర రోజువారీ ధరలు, వాల్యూములు ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. షేర్లు మీ పేరిట డీమ్యాట్‌లో ఉన్నాయో లేదో డిపాజిటరీ పంపే స్టేట్‌మెంట్‌తోనే సరిచూసుకోండి, మేనేజర్ ఇచ్చిన కాగితంతో కాదు.